మందు రోగముకన్న కఠినమైన కాలము

పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడునని మనవారు సామెత చెప్పుదురు. హెపటైటిస్ సి అను కాలేయవ్యాధి విషయములో ఈ సామెత రెండు విధముల పొసగదు. ఈ వ్యాధి సోకినవారిలో పెక్కుమందికి కామెర్లే రావు. కన్ను పచ్చబడదు, మూత్రము రంగు మారదు. ఇక రోగికి లోకము ఎట్లు కనబడుచున్నదో వైద్యశాస్త్రము అడుగుటకే చాలకాలము పట్టినది. రక్తములోని వైరస్ ఎంత, కాలేయమునుండి రక్తములోనికి జారిన ఎంజైములు ఎన్ని అను లెక్కలు తెలిసిన తరువాతగాని, "పనికి పోగలుగుచున్నావా? నిద్ర పట్టుచున్నదా? మనస్సు ఎట్లున్నది?" అను ప్రశ్నలకు శాస్త్రములో చోటు దొరకలేదు.

కర్లపాలెము బాపట్లకు చేరువనున్న మండలకేంద్రము. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడువరకు గుంటూరు జిల్లాలోనిది. సముద్రపు గాలి తగులు ఈ ఇసుకనేలల ప్రాంతములో గాని, తెలుగునాట మరి ఏ పల్లెలో గాని, కామెర్లు అనగానే జనులు తలచునది పసరుమందు. నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి త్రాగుట, ఉప్పు కారము మాని పథ్యము చేయుట, కొన్నిచోట్ల చేతిమీద వాత పెట్టించుకొనుట ఇప్పటికిని చూడవచ్చును. ఈ వైద్యములకు మంచి పేరు రావడమునకు కారణము లేకపోలేదు. మన ఊళ్లలో వచ్చు కామెర్లలో ఎక్కువ భాగము కలుషితమైన నీటివలన, ఆహారమువలన వ్యాపించు హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఇ వైరస్‌ల పని. అవి సాధారణముగా కొన్ని వారములలో వాటంతటవే తగ్గిపోవును. తగ్గించినది శరీరము, కీర్తి పసరునకు.

అయినను నేల ఉసిరిని శాస్త్రజ్ఞులు చిన్నచూపు చూడలేదు. హెపటైటిస్ బి వైరస్‌ను పట్టియిచ్చి 1976లో నోబెల్ బహుమానము పొందిన బరూక్ బ్లంబర్గ్, మద్రాసు పరిశోధకులతో కలిసి ఈ మొక్కను పరీక్షించెను. 1988లో వెలువడిన వారి ఫలితములు గొప్ప ఆశలు రేపినవి. తరువాత ఇతరులు జరిపిన పరీక్షలలో ఆ ఫలితములు నిలువలేదు. హెపటైటిస్ సి విషయములో ఆ మొక్క పనిచేయునని చూపిన గట్టి నిదర్శనము నేటివరకును లేదు.

హెపటైటిస్ సి నీటివలన వచ్చునది కాదు. రక్తమునుండి రక్తమునకు పోవును. పరీక్షింపని రక్తము ఎక్కించుట, ఒకరికి వాడిన సూదిని సరిగా శుద్ధిచేయక మరియొకరికి వాడుట, దానికి రాజమార్గములు. చిన్న జ్వరమునకైనను సూదిమందు పడనిదే వైద్యము జరిగినట్లు తోచని మన అలవాటును ఇచ్చట తలచుకొనక తప్పదు. గాజు సిరంజిని గిన్నెలో కొద్దిసేపు మరగించి పదిమందికి వాడిన రోజులు పెద్దలకు గుర్తుండును. ఇది మన దేశములో మాత్రమే జరిగినది కాదు. ఈజిప్టు దేశములో నత్తలద్వారా వ్యాపించు షిస్టోసోమియాసిస్ అను పరాన్నజీవి రోగమును అణచుటకై 1950లనుండి 1980లవరకు ప్రభుత్వమే ఊరూర నరములోనికి మందు ఎక్కించినది. ఆ సూదులు ఒక రోగమును తగ్గించుచు మరియొక రోగమును దేశమంతట నాటినవి. లోకములో హెపటైటిస్ సి మిక్కిలి హెచ్చుగా ఉన్న దేశముగా ఈజిప్టు మారినది.

ఈ వైరస్ పట్టుబడిన కథ క్లుప్తముగా ఇది. హెపటైటిస్ బి గుర్తు 1960లలో, హెపటైటిస్ ఏ వైరస్ 1973లో దొరికినవి. రక్తము ఎక్కించుకొనినవారికి వచ్చు కాలేయపు వాపునకు ఈ రెంటిలో ఏదో ఒకటి కారణమై ఉండునని అనుకొనిరి. అమెరికాలో హార్వే ఆల్టర్, ఆయన సహచరులు దాచియుంచిన రక్తనమూనాలను పరీక్షింపగా, పెక్కింటిలో ఏ లేదు, బి లేదు. 1975లో దానికి "ఏ కానిది, బి కానిది" అను విచిత్రమైన పేరు స్థిరపడినది. ఏమి కాదో తెలిసినది, ఏమో తెలియలేదు. 1989లో మైకేల్ హౌటన్ బృందము వైరస్‌ను కంటితో చూడకయే, దాని జన్యుపదార్థపు తునకను లక్షలాది తునకలలోనుండి ఏరి బయటపెట్టినది. చార్లెస్ రైస్ 1997లో ఆ జన్యుపదార్థము ఒక్కటియే వ్యాధిని కలిగింప చాలునని నిరూపించెను. ఈ ముగ్గురికిని 2020లో నోబెల్ బహుమానము లభించినది. మన దేశములో దాతల రక్తమును హెపటైటిస్ సి కొరకు పరీక్షించుట 2001లో తప్పనిసరి అయినది. అంతకు పూర్వము తరచుగా రక్తము ఎక్కించుకొనవలసి వచ్చిన తలసేమియా పిల్లలు, ప్రసవములో రక్తము పోయి దాతల రక్తముతో బ్రతికిన తల్లులు ఈ ప్రమాదమునకు ఎక్కువగా గురియైనవారు.

వైరస్ సోకిన నూరుగురిలో 15 మొదలు 45 మందివరకు ఆరు మాసములలోపల తమంత తామే బయటపడుదురు. మిగిలినవారిలో అది తిష్ఠ వేయును. ఇరువది సంవత్సరములలో వారిలో నూటికి 15 నుండి 30 మందికి కాలేయము మచ్చలు కట్టి గట్టిపడును. దీనినే సిర్రోసిస్ అందురు. కొందరికి అది కాన్సరుగా పరిణమించును. ఇరువది సంవత్సరములపాటు రోగి తనకు రోగమున్నదనియే ఎరుగడు. కొంచెము నీరసము, కొంచెము నిద్రలేమి. ఎండలో పని, వయస్సు అని సరిపెట్టుకొనును.

ఇక చికిత్స. విచిత్రమేమనగా, వైరస్ దొరకకముందే మందు దొరికినది. 1957లో లండనులో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ అను ఇరువురు, వైరస్ సోకిన జీవకణము పొరుగు కణములను హెచ్చరించుటకై ఒక పదార్థమును వెదజల్లునని కనుగొని దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టిరి. 1986లో జే హూఫ్‌నాగిల్, ఆయన తోడివారు పదిమంది "ఏ కానిది, బి కానిది" రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి చూచిరి. ఎనిమిదిమందిలో కాలేయపు ఎంజైములు దిగివచ్చినవి. 1991లో అమెరికాలో ఈ మందు హెపటైటిస్ సి చికిత్సకు అనుమతి పొందినది. వారమునకు మూడు సూదుల చొప్పున నెలల తరబడి పొడిపించుకొనిన పిదప నిజముగా వైరస్ వదలినవారు నూటికి ఇరువదిమంది కూడ లేరు. 1998లో రైబావిరిన్ అను మాత్ర జతచేరగా ఆ సంఖ్య నలుబదికి చేరినది. 2001లో వారమునకు ఒక్క సూదితో సరిపోవు పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ వచ్చినది. ఫలితము సగమును దాటినది. మన దేశములో ఎక్కువగా కనబడునది ఈ వైరస్‌లోని మూడవ జన్యురకము. దానికి 24 వారముల చికిత్స చాలెడిది, ఫలితమును మెరుగుగా ఉండెడిది. మొదటి రకమువారికి 48 వారములు.

ఈ 48 వారములు ఎట్టివో చెప్పవలెను. సూది పడిన నాలుగైదు గంటలకు చలి, వణకు, జ్వరము, ఒడలు విరుగుట. అందుచేత చాలమంది సాయంకాలమందు సూది వేయించుకొని, జ్వరపుమాత్ర మ్రింగి, రాత్రి నిద్రలో ఆ బాధను గడుపుకొనజూచెడివారు. జ్వరము తొలి వారములతో తగ్గినను అలసట తగ్గెడిది కాదు. ఆకలి పోవును, బరువు తగ్గును, జుట్టు ఊడును, తెల్లకణములు, రక్తఫలకికలు పడిపోవును. రైబావిరిన్ ఎర్రకణములను పగులగొట్టును; మొదటి నెలలోనే హిమోగ్లోబిన్ గణనీయముగా దిగజారును. ముందే రక్తహీనతతో ఉన్న పల్లెటూరి స్త్రీకి ఇది ఎంతటి దెబ్బయో ఉపాధ్యాయులు ఊహింపగలరు. రైబావిరిన్ గర్భస్థశిశువునకు హాని చేయునది గనుక, మందు వాడుచున్నది భార్య అయినను భర్త అయినను, చికిత్సాకాలములోను ఆ తరువాత ఆరు నెలలవరకును బిడ్డలను కనరాదు. క్రొత్తగా పెండ్లియైనవారి ఇంట, కోడలికి ఇంకను నీళ్లు పోసుకొనలేదేమని అడుగు అత్తలు, ఇరుగుపొరుగులు ఉన్న ఊరిలో, ఆ సంగతిని ఎవరికి ఏమని చెప్పుకొనవలెను?

అన్నింటికన్న లోతైనది మనస్సుపై దెబ్బ. ఇంటర్‌ఫెరాన్ వాడినవారిలో పెక్కుమందికి మనస్సు క్రుంగెడిది. ఊరక కన్నీళ్లు, ఊరక కోపము, కొందరికి చావు తలపులు. జలుబు చేసినప్పుడు మనకు మందముగా, ఎవరితోను మాటలాడబుద్ధి కాక ఉండుటకు శరీరములో పుట్టు ఇంటర్‌ఫెరాన్ వంటి పదార్థములే కొంత కారణము. వానిని ఒక సంవత్సరము పొడుగున బయటినుండి నింపినచో ఏమగును? ఇది మందు చేయు పని అని ముందుగా చెప్పనిచోట, ఇంటివారు దానిని పొగరనియో, గాలి సోకినదనియో అనుకొనుట సహజము.

పల్లెకు మరియొక చిక్కు. ఇంటర్‌ఫెరాన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో ఉంచవలెను. పట్టణములో కొనిన మందును మంచుముక్కల డబ్బాలో పెట్టుకొని ఎండాకాలపు బస్సులో పల్లెకు చేర్చవలెను. ఇంట ఫ్రిజ్ లేనివారు దుకాణదారునో, ఊరి వైద్యునో బ్రతిమాలుకొనవలెను. అప్పుడు వారికి ఏ రోగమో ఊరంతటికి తెలియును. ఒక్కొక్క సూదికి వేల రూపాయలు. మొదటి జన్యురకమువారికి 12 వారముల దగ్గర పరీక్ష చేసి, వైరస్ నూరవ వంతుకైన తగ్గనిచో చికిత్స ఆపివేసెడివారు. అప్పటికి చేసిన అప్పు మాత్రము మిగిలెడిది. దిగుమతి మందుల ధర తగ్గించుటకు మన గడ్డమీద జరిగిన ప్రయత్నమును చెప్పుకొనవలెను: శ్రీ కె. ఐ. వరప్రసాదరెడ్డి గారు 1993లో హైదరాబాదులో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, 1997లో హెపటైటిస్ బి టీకాను, మరికొన్ని సంవత్సరములకు ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫాను స్వదేశములోనే తయారుచేసినది. ధర తగ్గినది. జ్వరము, దిగులు తగ్గలేదు.

రోగి పడు ఈ బాధను కొలుచుట ఎట్లు? ఆరోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమే కాదు, దేహము, మనస్సు, సంఘజీవనము మూడును బాగుండుట అని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1948లోనే చెప్పినది. చెప్పుట సులభము, మార్కులు వేయుట కష్టము. 1992లో అమెరికాలో 36 ప్రశ్నల పట్టిక ఒకటి ప్రకటితమైనది. దేహబలము, నొప్పి, ఉత్సాహము, మనస్సు, నలుగురిలో మెలగుట మొదలైన ఎనిమిది అంశములలో రోగి తనకు తానే జవాబులు వ్రాయగా, ఒక్కొక్కదానికి సున్ననుండి నూరువరకు మార్కులు వచ్చును. దీర్ఘకాలిక కాలేయరోగులకు ప్రత్యేకమైన ప్రశ్నావళి 1999లో వచ్చినది.

ఈ కొలబద్దతో మొదట తేలిన సంగతి ఆశ్చర్యకరమైనది. కాలేయము ఇంకను గట్టిపడనివారిలో కూడ జీవనస్థితి తగ్గియే ఉన్నదని 1998లో లండను పరిశోధకులు చూపిరి. "నీకేమియు లేదు, ఊరక నీరసమనుచున్నావు" అని పంపివేయబడిన రోగుల మాట నిజమని అంకెలు చెప్పినవి. మరుసటి సంవత్సరము ఆస్ట్రేలియానుండి మరియొక సంగతి బయటపడినది: వైరస్ ఉన్నను ఆ సంగతి తెలియనివారికన్న, తెలిసినవారి మార్కులు తక్కువ. అనగా రోగముతో పాటు రోగమున్నదను ఎరుకయు, లోకులేమనుకొందురో అను భయమును మనిషిని కృశింపజేయును. ఇంటర్‌ఫెరాన్ చికిత్స జరుగుచుండగా మార్కులు ఇంకను దిగజారి, ముగిసిన పిదప, వైరస్ వదలినవారిలో మెల్లగా మొదటికన్న పైకి వచ్చినవి. వైరస్ వదలనివారికి ఆ సంవత్సరము వట్టి నష్టము.

ఆ 36 ప్రశ్నలలో ఒకటి మన పాఠకులకు నవ్వు తెప్పించును. ఓపాటి శ్రమ చేయగలరా అని అడుగుచు, దానికి ఉదాహరణలుగా బల్లను జరుపుట, దుమ్ము పీల్చు యంత్రమును నెట్టుట, గోల్ఫ్ ఆడుట పేర్కొన్నారు. వేరుసెనగ పీకు కూలికి, నాట్లు వేయు ఆడుకూతురికి గోల్ఫ్ ప్రశ్న ఏమి తెలియును? మోకాటిలోతు బురదలో సాయంకాలమువరకు వంగగలరా, బోరింగుపంపు కొట్టి రెండు బిందెలు మోయగలరా, కోతలకాలములో నలుగురితో సమముగా నడువగలరా అని అడిగినగాని కర్లపాలెములో సరియైన జవాబు రాదు. కొలబద్ద ఒకచోట తయారైనది, కొలువవలసిన జీవితము మరియొకచోట ఉన్నది. పట్టికను మాటకు మాటగా తెనిగించినంతమాత్రాన ఆ దూరము తీరదు.

మాత్రల యుగము 2013 డిసెంబరులో ఆరంభమైనది. ఈ వైరస్ జన్యుపదార్థము సుమారు 9,600 అక్షరముల ఆర్.ఎన్.ఏ. పోగు. దానికి ప్రతులు వ్రాయుటకు వైరస్‌కు సొంత ఎంజైము ఒకటి కలదు. సోఫోస్‌బువిర్ అను మందు శరీరములో మారి, ఆ ఎంజైము వాడు అక్షరములలో ఒకదానివలె వేషము వేయును. పూసలదండ గ్రుచ్చువానికి, ఒక్క ప్రక్కన మాత్రమే బెజ్జమున్న పూసను కలిపి ఇచ్చినామనుకొనుడు. పూస దారమునకు ఎక్కును. రెండవ ప్రక్కకు దారము రాదు. దండ అంతటితో ఆగిపోవును. సోఫోస్‌బువిర్ చేయునది ఇదియే. దీనికి డక్లాటస్‌విర్, లెడిపాస్‌విర్, వెల్పటాస్‌విర్ వంటి మందులలో ఒకటి తోడుగా వాడుదురు. రోజునకు ఒకటి రెండు మాత్రలు, సాధారణముగా 12 వారములు. నూటికి 95 మందికి తగ్గకుండ వైరస్ పోవును. ఈ వైరస్ హెపటైటిస్ బి వలె జీవకణపు కేంద్రకములో తిష్ఠ వేయునది కాదు గనుకనే దీనిని సమూలముగా తుడిచివేయుట సాధ్యమైనది. ఇంటర్‌ఫెరాన్ కాలములో మనకు అనుకూలముగా ఉండిన మూడవ జన్యురకము, ఈ మాత్రల కాలములో, కాలేయము గట్టిపడినవారిలో, కొంత మొండిదిగా తేలుట ఒక చమత్కారము.

ఐతే ధర? అమెరికాలో సోఫోస్‌బువిర్ 12 వారముల మందు 84,000 డాలర్లు. రోజుకొక మాత్ర, మాత్రకు వేయి డాలర్లు. ఇచ్చట కథ తిరిగి కర్లపాలెము సమీపమునకు వచ్చును. బాపట్ల దాటి గుంటూరు త్రోవ పట్టినచో పొన్నూరు తగులును. ఆ ప్రాంతములోని గొల్లమూడిపాడులో పుట్టిన శ్రీ నన్నపనేని వెంకయ్య చౌదరి గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఔషధశాస్త్రము చదివి, అమెరికాలో పనిచేసి తిరిగివచ్చి, 1981లో హైదరాబాదులో నాట్కో సంస్థను నెలకొల్పిరి. కాలేయపు కాన్సరునకు వాడు సొరాఫెనిబ్ అను మందును చౌకగా తయారుచేయుటకు 2012లో ఈ సంస్థకే భారతదేశపు మొదటి నిర్బంధ లైసెన్సు లభించినది. సోఫోస్‌బువిర్ పేటెంటును కూడ నాట్కోయు, రోగుల పక్షమున పనిచేయు సంఘములును ఎదిరించినవి. 2014 సెప్టెంబరులో అమెరికా సంస్థ గిలియడ్, హైదరాబాదులోని హెటెరోతో సహా ఏడు భారతీయ సంస్థలకు లైసెన్సులిచ్చినది. 2015 మార్చిలో నాట్కోయు అట్టి ఒప్పందము చేసికొనినది. ఆ నెలలోనే 28 మాత్రల సీసాను 19,900 రూపాయలకు విపణిలో పెట్టినది. పోటీవలన ఆ ధరయు త్వరలోనే తగ్గినది. పేటెంటు మాత్రము 2016లో గిలియడ్‌కే దక్కినది.

పంజాబు ప్రభుత్వము 2016లో ఉచిత చికిత్స ఆరంభించినది. 2018 జులై 28న కేంద్రప్రభుత్వము దేశవ్యాప్తముగా జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించి, పరీక్షలను, మందులను ప్రభుత్వ చికిత్సాకేంద్రములలో ఉచితముగా ఇచ్చుటకు ఏర్పాటు చేసినది. ఈజిప్టు 2018, 2019 సంవత్సరములలో సుమారు 5 కోట్లమందిని పరీక్షించి తాను నాటిన రోగమును తానే పెరికివేయ పూనినది. మన దేశములో 2022 నాటికి సుమారు 55 లక్షలమంది ఈ వ్యాధితో ఉన్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వారిలో ఎక్కువమందికి తమ సంగతి తెలియదు. మందు ఉచితమైనను, రక్తపరీక్ష చేయించుకొననివానికి దానివలన ప్రయోజనమేమి?

మాత్రలు వాడినవారి జీవనస్థితిని అదే ప్రశ్నలతో కొలువగా, చికిత్స జరుగుచుండగనే మార్కులు పెరుగుట కనబడినది. రైబావిరిన్ కూడ వాడవలసి వచ్చినవారిలో మాత్రము కొంత తగ్గి, పిదప పుంజుకొనినవి. కొద్దిపాటి తలనొప్పి, అలసట తప్ప చాలమంది తమ పని మానుకొననక్కరలేదు, ఫ్రిజ్ అక్కరలేదు, ఊరికి తెలియనక్కరలేదు. మూత్రపిండములు చెడి డయాలిసిస్ మీదనున్నవారికి మొదట ఈ మందు ఇచ్చుటకు జంకిరి. 2019లో అమెరికాలో ఆ అడ్డు తొలగినది.

మందు ముగిసిన 12 వారములకు రక్తములో వైరస్ ఆర్.ఎన్.ఏ. లేనిచో రోగము నయమైనట్లు. అయినను అందరి అలసటయు ఒక్కసారిగా పోదు. కొందరికి ఆ నీరసము వైరస్‌వలన వచ్చినది కాదు. మధుమేహము, రక్తహీనత, మద్యము దాని వెనుక ఉండవచ్చును. మరల అశుద్ధమైన సూది గ్రుచ్చుకొనినచో వ్యాధి మరల వచ్చును. ఒకసారి నయమైనంతమాత్రాన రక్షణ కలుగదు. కాలేయము ముందే గట్టిపడినవారు వైరస్ పోయిన తరువాత కూడ ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించుకొనవలెను. కాన్సరు భయము తగ్గునేగాని పూర్తిగా పోదు.

మరియొక చిక్కు కూడ కలదు. వైరస్‌తో పోరాడుటకు శరీరము తయారుచేసిన ప్రతిదేహములు వైరస్ పోయిన తరువాత కూడ రక్తములో సంవత్సరముల తరబడి నిలిచియుండును. సాధారణముగా మొదట చేయు చౌక పరీక్ష ఈ ప్రతిదేహములనే వెదకును. గల్ఫ్ దేశములకు పనికి పోవువారికి జరుపు వైద్యపరీక్షలలో హెపటైటిస్ సి ఒకటి. పూర్తిగా నయమైన మనిషికి కూడ అచ్చట "ఉన్నది" అని రావచ్చును. శస్త్రచికిత్సకు ముందు చేయు పరీక్షలోను ఇట్లే జరుగును. అప్పుడు ఆర్.ఎన్.ఏ. పరీక్ష కావలెనని అడుగగల తెలివి రోగికో, వాని చదువుకొనిన కొడుకునకో ఉండవలెను. అందుచేత నయమైనవారు తమ ఆర్.ఎన్.ఏ. పరీక్షాఫలితపు కాగితమును పారవేయక, రేషను కార్డుతో పాటు భద్రపరచుకొనవలసియున్నది.